కింది అరలోని డబ్బా

ఆగస్టు 4

ఈరోజు దంపుడు గది తలుపు మూశారు. లోపల మామయ్య, ఆయన అల్లుడు. బయట నేను.

పంతొమ్మిదేళ్ళుగా ఈ విత్తనాల కొట్టులో పనిచేస్తున్నాను. అక్క కొడుకునని మామయ్య నన్నేమీ ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టలేదు. బస్తాలు మోయించాడు, జల్లెడ పట్టించాడు, ఎలుకల కన్నాలు పూడ్పించాడు. ఆకులు కోసుకొచ్చేది నేను, నీడలో ఆరబెట్టేది నేను, దంచి పల్చటి గుడ్డలో జల్లించేది నేను. వేపాకు, వావిలాకు, వస కొమ్ము మూడు పొడులూ మూడు పళ్ళేల్లో సిద్ధమయ్యాక మాత్రం "ఒరేయ్, నువ్వెళ్ళి బయట చూడు" అంటాడు. తలుపు మూసుకుంటాడు. అరగంటకి కలిపిన పొడితో బయటికొస్తాడు. ఆ పొడి కలిపిన గింజ జోలికి ముక్కుపురుగు ఏడాదిపాటు రాదు. జనం తమ విత్తనాలు మళ్ళీ విత్తేదాకా మా దగ్గర దాచుకుంటున్నది ఆ పొడిని నమ్ముకునే.

ఏది ఎంత పాలు కలుపుతాడో నాకింతవరకూ చెప్పలేదు. "చెప్తాన్లేరా, తొందరేముంది?" అంటూ పంతొమ్మిదేళ్ళు గడిపేశాడు. అల్లుడొచ్చి నాలుగు నెలలైనా నిండలేదు, అప్పుడే తలుపు లోపలున్నాడు.

నాకేం కుళ్ళు లేదు. జరిగింది రాసుకుంటున్నానంతే.

ఆగస్టు 5

ఇవాళ కూడా మూశారు.

ఆగస్టు 7

అల్లుడికి నేను పెట్టుకున్న పేరు టీపొడి. పైకి అనను, ఇక్కడ రాసుకోవడానికే. టీ గోదాములో పదేళ్ళు ఆకు వాసన చూసి రకాలు వేరు చేసే ఉద్యోగం చేశాడట. ఆ గోదాము మూతపడింది. పెళ్ళాన్ని వెంటబెట్టుకుని మామగారింటికి చేరాడు. వచ్చిన మర్నాటి నుంచీ నన్ను "అన్నయ్యా" అంటున్నాడు. మా అమ్మకి నేనొక్కణ్ణే. ఈ తమ్ముడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో తెలియదు.

మామయ్య అతన్ని "బాబూ, మీరు" అంటాడు. నన్ను "ఒరేయ్" అంటాడు. అల్లుడన్నాక ఆ మర్యాద తప్పదు, నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ పట్టేసింది.

"కంచంలో గీతలు గీస్తున్నారు, ఏంటి సంగతి?"

"ఏం లేదు. టీపొడిని లోపలికి తీసుకెళ్ళాడు. రెండుసార్లు."

"తీసుకెళ్తే? ఆయన కూతురి మొగుడు. ఆ పిల్లని మీకివ్వలేదని ఇంకా ఏడుస్తున్నారా?"

"ఎవరేడుస్తున్నారు? ఆ విషయం నేనెప్పుడో మర్చిపోయాను."

"మీరెందుకేడవాలి లెండి. ఏడవాల్సింది నేను. మీరు నా వాటాకొచ్చారు."

మరదలి విషయం నిజంగానే ఎప్పుడో మర్చిపోయాను.

ఆగస్టు 10

మామయ్యని భోజనానికి పిలిచాం. మా ఆవిడ కబుర్లలో పడి కూర మాడ్చేసింది. ఇల్లంతా మాడు కంపు. మామయ్య మారు వడ్డించుకుని, "చాలా బాగుందమ్మాయ్" అన్నాడు. ఎండాకాలంలో ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ మనిషి మెత్తబడ్డాడు. ఇదివరకైతే కంచం ముందుకి రాకుండానే గుమ్మం దగ్గర నిలబడి, మాడిందని చెప్పేవాడు.

అందరి మీదా మెత్తబడ్డాడు, నా మీద తప్ప.

ఆగస్టు 12

చీపురు కోసం వెతుకుతూ దంపుడు గది తలుపు దగ్గరికి వెళ్ళాను. చీపురు నా చేతిలోనే ఉంది, అది వేరే సంగతి.

మామయ్య గొంతు: "ఇదెలా ఉంది బాబూ?"

టీపొడి: "వావిలి ఇంకో చారెడు పడాలి మావయ్యగారూ. వస మరీ ఎగదన్నుతోంది."

"వేద్దాం. ఇప్పుడో?"

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది."

మామయ్య ఒకర్ని అడగడం నేనెన్నడూ వినలేదు. పంతులు పిల్లాణ్ణి కూర్చోబెట్టి అడిగినట్టు, ఒక్కో చారెడూ వేస్తూ పరీక్ష పెడుతున్నాడన్నమాట. నాకిన్నేళ్ళలో ఒక్క ప్రశ్న వేయలేదు. అడిగుంటే నేను చెప్పేవాణ్ణి కాదా?

చీపురు అక్కడే పారేసి వచ్చాను.

ఆగస్టు 16

కొట్టులో అరలు కడిగి సున్నం వేశాను. డబ్బాలన్నీ దించి, తుడిచి, మళ్ళీ సర్దాను. కొత్త పొడి కింది అరలో ఉంటుంది, నిరుటి పొడి పై అరలో. నిరుటిది చచ్చిన పొడి, విత్తనానికి పనికిరాదు, నేల పగుళ్ళలో చల్లడానికే ఉంచుతాం. రెండూ ఒకే రకం నూనె డబ్బాలు. సర్దే వేళకి నడుము పట్టేసింది. చేతికందింది చేతికందినచోట పెట్టాను.

ఆగస్టు 19

పొడి కలిపే రోజు.

పొద్దుటే మా వీధికి పాలు పోసే పాలామె మొక్కజొన్న విత్తనం దింపింది. మామూలు మొక్కజొన్న కాదు, దానిమ్మ రంగు ఎర్ర గింజ. వాళ్ళమ్మ ఇచ్చి పోయిన విత్తనం. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. ప్రతి ఏడాదీ అప్పగించేటప్పుడు ఒకటే మాట, "ఇది పోతే నాకు మళ్ళీ పుట్టదయ్యా." ఒక డ్రమ్ము నిండా ఆమెదే. మిగతా ఆరు డ్రమ్ములు వేరేవాళ్ళ జొన్నలు, చిక్కుళ్ళు.

టీపొడికి రెండు రోజులుగా జలుబు. ముక్కు ఎర్రగా కందిపోయి, మాట గొంతులోంచి వస్తోంది. తుమ్ముకుంటూ వెళ్ళి కింది అరలోంచి డబ్బా తీసుకొచ్చాడు. మూత తీశాడు.

నేను రెండు బారల దూరంలో బస్తా మూతి విప్పుతున్నాను. వాసన వచ్చింది. ఎండుగడ్డి వాసన. వస కొమ్ము ఘాటు ఎక్కడా లేదు, వేప చేదు లేదు. చచ్చిన పొడి.

నా తల దానంతటదే పైకి లేచింది.

మామయ్య ఎప్పట్లాగే చిటికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ఊఁ అంటే గానీ గింజ మీద పొడి పడదు, ఈ కొట్టు పద్ధతి అది. టీపొడి వైపు చూశాడు. అతను తలూపాడు. మామయ్య, "బాగుంది, ఘాటుగా ఉంది. కలపండి" అన్నాడు.

ఘాటుగా ఉందట! అల్లుడు తెస్తే గడ్డి కూడా ఘాటే. నేను తెచ్చిన పొడిలో ఒక్క ఆకు ఎండలో ఆరినా పట్టుకుని పళ్ళెం తిరగేసిన మనిషి! కళ్ళు మూసుకుపోయాయనుకున్నాను గానీ ముక్కు కూడా మూసుకుపోయింది.

ఆయనే బాగుందన్నాక మధ్యలో నేనెవణ్ణి? బస్తాకి నాలుగు దోసిళ్ళ చొప్పున చల్లి కలిపాను. ఏడు డ్రమ్ములూ నా చేత్తోనే కలిపాను. మూతలు బిగించి అంచులకి మైనం పూశాం.

చెప్పి ఉండాల్సిందేమో. రేపు చెప్తాను.

ఆగస్టు 20

అల్లుడికి జ్వరం, రాలేదు. మామయ్య అతనికి కషాయం పట్టుకెళ్ళాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు బస్తాలు ఎవరు దించుతారని కబురు పంపాడు.

చెప్పలేదు.

ఆగస్టు 23

పై అరలో డబ్బా మూత తీసి చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగేంత ఘాటు. టీపొడి కలిపించింది ఇదే. బాగా కుదిరింది. చాలా బాగా కుదిరింది. వావిలి సరిగ్గా ఎంత పడాలో అంతే పడింది.

ఇప్పటికైనా మూతలు విప్పి ఇది కలిపేయొచ్చు. ఒక పూట పని.

డబ్బా కింద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అతని పొడి అంత బాగా కుదరకపోయుంటే చెప్పేవాణ్ణేమో.

ఆగస్టు 24

పై అరలోది ఎప్పుడూ నేల పగుళ్ళకే కదా. చల్లేశాను. డబ్బా ఖాళీ.

ఆ డబ్బాలు నేను కావాలని మార్చలేదు. ఇది రాసి ఉంచుకోవాలి.

సెప్టెంబర్ 2

కొట్టు నేల మీద ఒక్క చీమ కూడా కనిపించడం లేదు.

సెప్టెంబర్ 9

మామయ్య వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు, ఈ ఏటి పొడి మా అల్లుడి చేతి మీదుగా తయారైందని. వాళ్ళు అతని వైపు చూసి నవ్వుతారు, అతను సిగ్గుపడతాడు, "నాదేముందండీ, ఆకులన్నీ అన్నయ్యే కోసి ఆరబెట్టాడు" అంటాడు. నన్ను మెచ్చుకునే పని కూడా అతనే చేస్తున్నాడు.

సెప్టెంబర్ 14

ఎవరూ లేనప్పుడు పాలామె డ్రమ్ముకి చెవి ఆనించాను. పురుగు పడితే లోపల చిటపట వినిపిస్తుంది. ఏమీ లేదు.

పాత పొడి కూడా పనిచేస్తుందేమో. అలాగైతే మంచిదే.

మంచిదేనా?

సెప్టెంబర్ 28

నెలకోసారి డ్రమ్ములు చూడటం నా పని. మైనం తీసి, మూత ఎత్తి, చెయ్యి మోచేతి దాకా దింపాను. మంచి గింజ లోపల చల్లగా ఉండాలి. ఎర్ర గింజ వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన మనిషి ఒంట్లా ఉంది. చెయ్యి పైకి తీస్తే వేళ్ళకి పిండి.

మళ్ళీ మైనం పూశాను.

అతని పేరు మీద ఉన్న పొడి. అతనే చూసుకుంటాడు.

అక్టోబర్ 6

పాలామె వచ్చింది. ఈసారి ముందే విత్తుతుందట, గింజ కావాలంది. మామయ్యే వెళ్ళి మూత తీశాడు.

పైన ముక్కుపురుగులు పాకుతున్నాయి, గుప్పెట్లు గుప్పెట్లు. ఆమె రెండు చేతులూ పెట్టి లోపలి గింజ తోడింది. ప్రతి గింజకీ కన్నం. నలిపితే పొట్టు. ఆమె అరచేతిలో పొట్టు ఊదేసి, మిగిలిన గింజ కోసం వెతికింది. ఆ తర్వాత గొంతెత్తింది.

"ఎవరు కలిపారయ్యా ఈ పొడి?"

"నేనేనమ్మా" అన్నాడు టీపొడి.

"నీకు పనొచ్చా? టీ ఆకు ఉడకబెట్టుకునేవాడివి నీకు విత్తనం గురించి ఏం తెలుసు? మా అమ్మ పోతూ పోతూ నా చేతిలో పెట్టింది ఈ గింజ. బంగారం పెట్టలేదు, భూమి పెట్టలేదు, ఇదే పెట్టింది. ఇప్పుడు నేనెవర్ని అడగాలి? ఏ కొట్లో దొరుకుతుంది చెప్పు నాకు?"

"తప్పు నాదేనమ్మా."

"తప్పంటే సరిపోద్దా?"

అతను తల దించుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అడ్డం చెప్పలేదు, మామయ్య వాసన చూసి ఊఁ అన్నాడు కదా అని కూడా అనలేదు. మామయ్య డ్రమ్ము అంచు పట్టుకుని గోడకేసి చూస్తున్నాడు.

మిగతా డ్రమ్ములు విప్పాం. ఆరింటిలో నాలుగు పోయాయి.

అక్టోబర్ 7

వీధిలో ఒకటే మాట, అల్లుడి చేతిలో కొట్టు మునిగిందని. నన్ను చూసి పొరుగాయన, "నీకప్పగించుంటే ఇలా అయ్యేదా?" అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఎవరో ఒకరు అనాలని ఎదురుచూసిన మాట.

తృప్తిగానే ఉంది. అన్నం సహించలేదు, అది ఎండ వల్ల.

అక్టోబర్ 9

మరదలు మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాన్న కొట్టు మూసేస్తానంటున్నాడు బావా. నువ్వొచ్చి చెప్పు."

"మీ ఆయన ఉన్నాడుగా చెప్పడానికి."

"ఆయన మాట వినే స్థితిలో నాన్న లేడు. ఆయనేమో తప్పంతా తనదే అంటున్నాడు. నీకు చెప్పకూడదని నాన్న ఒట్టు వేయించుకున్నాడు గానీ, ఇంక దాచలేను. నాన్నకి వాసన తెలియదు బావా. ఆ జ్వరం తర్వాత పోయింది. పూర్తిగా పోయింది. పొయ్యి మీద ఏం మాడినా తెలియదు, పువ్వు ముక్కు దగ్గర పెట్టినా తెలియదు. అందుకే మా ఆయన్ని లోపల పెట్టుకున్నాడు. ఆయన వాసన చూసి చెబితే నాన్న కలిపేవాడు. ఆ రోజు ఆయనకి జలుబు. వారం ముందు తనే చూసిన పొడి కదా అని తలూపాడు."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"మరి నన్నెందుకు పిలవలేదు?" అన్నాను. "నాకు ముక్కు లేదా?"

"అదే అడిగాను నేను కూడా. 'వాడు పంతొమ్మిదేళ్ళుగా నన్ను చూసి బతికాడు. అల్లుడి ముందు చేతకానివాణ్ణయితే ఫర్వాలేదు, వాడి ముందు కాలేను' అన్నాడు."

ఆమె వెళ్ళాక మా ఆవిడ ఏమీ ఎగతాళి చేయలేదు. చేసుంటే బాగుండేది.

అక్టోబర్ 10

నా ముందు కాలేనన్నాడు.

అక్టోబర్ 11

వెళ్ళాను. దంపుడు గది తలుపు తీసే ఉంది. మామయ్య రోలు పక్కన పీట మీద ఒక్కడే కూర్చున్నాడు. అల్లుడు పెరట్లో పాలామె గింజని ఎండలో పోసి, ఒక్కొక్కటీ ఏరుతున్నాడు.

"మామయ్యా, ఆ రోజు కలిపింది పాత పొడి. అరలు కడిగినప్పుడు డబ్బాలు తారుమారయ్యాయి. మూత తీయగానే నాకు తెలుసు. చెప్పలేదు. కొత్త పొడి తర్వాత దొరికింది, నేల పగుళ్ళలో పోసేశాను."

ఎన్ని రకాలుగా చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. చివరికి నాలుగు ముక్కల్లో అయిపోయింది.

చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు.

"పాతదని నీకెలా తెలుసు? డబ్బా మీద రాసుందా?"

"లేదు. వాసనొచ్చింది."

"ఎంత దూరంలో ఉన్నావు?"

"రెండు బారల దూరం."

"రెండు బారలా?" అన్నాడు. చాలాసేపు తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "నా ముక్కు బాగున్న రోజుల్లో కూడా చిటికెడు తీసి చూస్తే గానీ చెప్పలేకపోయేవాణ్ణిరా నేను."

నేను గుమ్మంలోనే కూర్చున్నాను.

"పాళ్ళు పాళ్ళు అని నా వెంటపడ్డావు. పాళ్ళంటూ ఏమీ లేవు. ఏటికేడు ఆకు మారుతుంది, వాన మారుతుంది. ఆ ఏడు ఆకు ఎలా ఉందో వాసన చూసి కలపడమే. ఇంతేనని తెలిస్తే నన్నెవరు లెక్కచేస్తారని తలుపేసుకునేవాణ్ణి. నువ్వు బయట నిలబడే నేర్చేసుకున్నావు."

"మామయ్యా, నేను..."

"నాకు చెప్పావు సరే. వెళ్ళి ఆ పాలామెకి చెప్పు. ఆ తర్వాత బాబుకి చెప్పు." పెరటి వైపు చూపించాడు.

పాలామె ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. నన్ను దాటుకుని కొట్టు పెరట్లో ఉన్న అల్లుడి దగ్గరికి వచ్చి, "ఆ రోజన్న మాటలు మనసులో పెట్టుకోకు నాయనా" అంది. వెళ్ళేటప్పుడు కూడా నా వైపు చూడలేదు.

అల్లుడు చేతిలో గింజలు అలాగే పట్టుకుని విన్నాడు. "ఆ రోజు జలుబు లేకపోతే నాకూ తెలిసేది కదన్నయ్యా" అన్నాడు, తన తప్పేదో ఇంకా మిగిలి ఉన్నట్టు. ఇంకేదైనా అని ఉంటే తట్టుకునేవాణ్ణి.

అక్టోబర్ 14

ముగ్గురం ఏరుతున్నాం. పాలామె డ్రమ్ము మొత్తానికి మూడు దోసిళ్ళు మంచి గింజ దక్కింది. పాలామె వచ్చి చూసుకుంది. సగం ఇప్పుడు విత్తుకుంటుందట. ఆ మొక్కకి ఏమైనా అయితే ఆదుకోవడానికి మిగతా సగం మా దగ్గరే ఉంచింది. మా దగ్గరంటే, అల్లుడి చేతిలో పెట్టింది.

అక్టోబర్ 15

కొత్త ఆకు కోసుకొచ్చాను. వావిలి, వేప. నీడలో ఆరబెట్టాను. ఎవరూ చెప్పకుండానే.

అక్టోబర్ 22

ఒకటిన్నర దోసిలి గింజకి సరిపడా కొత్త పొడి. ఇంత కొంచెం పొడి కలపడం ఈ కొట్టులో ఎప్పుడూ జరగలేదు.

దంపుడు గది తలుపు మూయలేదు. మామయ్య నన్ను లోపలికి రమ్మన్నాడు. మూడో పీట వేశాడు. తలుపు మూశాక ఎలా ఉంటుందో అని పంతొమ్మిదేళ్ళుగా ఊహించుకున్న గది. నేను దంచే అదే రోలు, అదే కిటికీ, గోడకి తగిలించిన అదే జల్లెడ గుడ్డ. ఇంకేమీ లేదు.

మామయ్య మూడు పొడులూ కలిపి, చిటికెడు నా అరచేతిలో, చిటికెడు అల్లుడి అరచేతిలో వేశాడు.

"చెప్పు" అన్నాడు నాతో.

వాసన చూశాను. చూడాల్సిన పనే లేదు, పళ్ళెంలో ఉండగానే తెలిసింది. "వస కాస్త ఎక్కువైంది. అరచారెడు వావిలి పడితే సరిపోతుంది."

నా జీవితంలో అంత కచ్చితంగా ఏ మాటా చెప్పలేదు. మామయ్య నా మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా అటు తిరిగాడు.

"నిజమేనా బాబూ?"

అల్లుడు మోకాలి మీద అరచెయ్యి తెరిచి పెట్టుకుని ఉన్నాడు. చిటికెడు పొడి మధ్యలో కుప్పగా అలాగే ఉంది. దాన్ని అతను ముక్కు దగ్గరికి తీసుకెళ్ళనేలేదు.

"నిజమే మావయ్యగారూ. అన్నయ్య చెప్పిందే సరి" అన్నాడు.

మామయ్య వావిలి వేశాడు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఇంక కుళ్ళుకోవడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. మూసిన తలుపు వెనక ఏముందో చూశాను, పాళ్ళు లేవని తెలిసింది, నా ముక్కు అతని ముక్కు కన్నా మంచిదని కూడా తెలిసింది. అయినా, వాసన చూడకుండా నన్ను నమ్మేశాడే, ఆ మనసు చూస్తే నాకు కడుపు మండిపోతోంది. అది నాకెందుకు లేదు?